దీపం బాతు మొదటి భాగం ఎవరికి

న్యూజెర్సీలోని ఐసెలిన్ వాస్తవ్యుడు, కీర్తిశేషులు చుండూరు సుబ్బారాయుడు గారి రెండవ కుమారుడు, డెబ్బయి నాలుగేళ్ళవాడు, ఓక్ ట్రీ రోడ్డు మీది చీరల దుకాణంలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న చుండూరు వీరాంజనేయులు అను నేను, నా భార్యకూ, కూతురికీ, అల్లుడికీ, ఈ పత్రాన్ని అమలు జరిపేవారికీ తెలియజేస్తూ నా చేతిరాతతో రాసుకుంటున్న వీలునామా ఇది. నా బుద్ధి స్థిమితంగా ఉంది. అక్షరాలు వంకరపోతే అది ముసలితనం వల్ల కొంత, సంతోషం వల్ల ఎక్కువ. నన్ను ఎవరూ బలవంతపెట్టలేదు, మభ్యపెట్టలేదు. ఒక్క అసూయ మాత్రం పక్కన కూర్చుని రాయిస్తోంది. అసూయను ఒత్తిడి కింద లెక్కవేస్తారా అని లాయరు గారిని అడిగాను. వేయరట.

సంతోషం ఎందుకో ముందే చెప్పేస్తాను, లేకపోతే కలం కదలదు. నా ఒక్కగానొక్క కూతురు నళిని నలభై ఒకటో ఏట తల్లి కాబోతోంది. పెళ్ళయి పదమూడేళ్ళు. డాక్టర్లు చెప్పినవి, చెప్పనివి, దేవుళ్ళకు మొక్కినవి అన్నీ అయిపోయి, ఇక ఆ మాట ఇంట్లో ఎత్తవద్దని మేమంతా అనుకున్నాక వచ్చిన కబురు ఇది. వచ్చే నెలలో పురుడు. ఈ ముక్క రాయడానికి రెండుసార్లు లేచి హాల్లో తిరిగి వచ్చాను. ధనమ్మ వంటింట్లోంచి, “ఏమండీ, రాసేది వీలునామానా శుభలేఖా?” అని అడిగింది. నాకూ తేడా తెలియడం లేదు.

ఒకటి. ఇల్లు, కారు, బ్యాంకులో ఉన్నది, వీటి గురించి లాయరు గారు ఇంగ్లీషులో రాసిన విల్లు వేరే ఉంది. అంతా ధనమ్మకే, ఆ తరువాత నళినికే. దాని జోలికి ఈ కాగితం పోదు. ఈ కాగితం మా హాల్లో కిటికీ పక్కన ఉన్న రెండు అలమరాల పిల్లల బొమ్మల పుస్తకాలకు సంబంధించినది మాత్రమే. ఇంగ్లీషు విల్లులో లాయరు గారు వాటిని ఇతర గృహోపకరణాల కింద చేర్చారు, మిక్సీతో, వాక్యూమ్ క్లీనర్‌తో కలిపి. అందుకే ఇది రాయవలసి వచ్చింది.

రెండు. ఈ పత్రాన్ని అమలు జరిపే బాధ్యత మా అల్లుడు మద్ది శ్యామ్‌సుందర్‌కు అప్పగిస్తున్నాను. నెమ్మదైన మనిషి, మాట ఇస్తే నిలబడతాడు. నా కూతుర్ని పదమూడేళ్ళలో ఒక్కనాడు ఏడిపించలేదని నళినే చెప్పింది. రాజారావు గారికి కొడుకుగా పుట్టడం అతని చేతిలో ఉన్న పని కాదు గనుక దాన్ని నేను లెక్కలోకి తీసుకోవడం లేదు. అయితే ఈ పత్రం విషయంలో అతను తన తండ్రి సలహా అడగకూడదు. ఫోన్లో కూడా అడగకూడదు.

మూడు. ఇక అసలు ఆస్తి. ‘దీపం మోసిన బాతు’ అని తెలుగులో నేను పిలుచుకునే ఇంగ్లీషు కథల పుస్తకం, మొదటి భాగం. నూరేళ్ళ కిందటి ముద్రణ. ఆకుపచ్చ గుడ్డ అట్ట, దాని మీద బంగారు రంగులో అద్దిన బాతు. లోపల రంగుల బొమ్మలు, ఒక్కొక్క బొమ్మ మీదా ఉల్లిపొర కాగితం. వీపు దగ్గర గుడ్డ కొంచెం చిరిగింది. అది నళిని పళ్ళ పని, కొత్తగా పళ్ళు వచ్చినప్పటిది కాదు, నాలుగేళ్ళు నిండాక ఒకరోజు కోపంలో కొరికింది.

ఈ దేశం వచ్చిన మొదటి చలికాలంలో, ఒక చర్చి కింది గదిలో లైబ్రరీవాళ్ళు పాత పుస్తకాలు అమ్ముతుంటే కొన్నాను. లోపలికి వెళ్ళింది పుస్తకాల కోసం కాదు. బయట చలి, పిల్ల చేతులు మంచులా ఉన్నాయి, అక్కడ హీటరు ఉంది. నాది ఎనిమిదో తరగతి వరకు తెలుగు చదువు. అప్పటికి ఇంగ్లీషులో దుకాణాల బోర్డులు, చీరల మీది చీటీలు కూడబలుక్కుని చదివేవాణ్ణి. కానీ బొమ్మలకు బడి అక్కర్లేదు. ఒక పిల్ల, ఒక బాతు. బాతు మెడకు లాంతరు. ఇద్దరూ పడవెక్కారు, గాలివానలో చిక్కుకున్నారు, పిల్ల చెప్పు ఒకటి నీళ్ళలో పడిపోయింది, సముద్రం గడ్డకట్టింది. ఆఖరి బొమ్మలో మంచుకొండకు ఒక తలుపు, సగం తెరిచి ఉంటుంది. లోపలి నుంచి పసుపు వెలుగు వచ్చి బాతు కాళ్ళ మీద పడుతుంది. ఆ తరువాత ఖాళీ పేజీ. మిగతా కథ రెండో భాగంలో ఉంది. రెండో భాగం ఆ బల్ల మీద లేదు.

ఇంటికి తెచ్చి తెలుగులో చెప్పడం మొదలుపెట్టాను. పిల్లకు చిట్టి అని, బాతుకు రంగమ్మ అని పేరు పెట్టాను. నళిని బడికి వెళ్ళి అక్షరాలు నేర్చాక ఒకరోజు పుస్తకం పట్టుకుని వచ్చి, “నాన్నా, డక్ నేమ్ రంగమ్మ కాదు” అంది. “ఇంగ్లీషులో కాదులే అమ్మా” అన్నాను. ఆ జవాబు దానికి సరిపోయింది.

తలుపు వెనక ఏముందో ఎవరికీ తెలియదు గనుక రోజూ నేనే చెప్పవలసి వచ్చేది. ఒకరోజు అక్కడ మా అమ్మ గారెలు వేస్తూ ఉండేది. ఒకరోజు అదొక బట్టల కొట్టు, మంచులో తడిసి వచ్చినవాళ్ళకు శాలువలు కప్పి పంపేవారు. నళినికి అన్నిటికన్నా ఇష్టమైనది వేరే. ఆ తలుపు రంగమ్మ పుట్టింటిది. రంగమ్మ కడుపుతో ఉంది, పురిటికి వచ్చింది, చిట్టి తోడు వచ్చింది. వాళ్ళమ్మ వేణ్ణీళ్ళు కాచి ఉంచింది. కూతురి మెడలో లాంతరు తీసి గూట్లో పెట్టి, “ఎంత చిక్కిపోయావే, ఇంత దూరం ఇది మోసుకుంటూ వచ్చావా” అంటుంది. ఇక్కడికి వచ్చేసరికి నళిని నిద్రపోయేది. ధనమ్మ మాత్రం మేలుకుని వినేది.

రెండో భాగం వెతుకుతూ ఎక్కడ పాత పుస్తకాలు అమ్ముతుంటే అక్కడికి పోయాను. అది తప్ప మిగతావన్నీ దొరికాయి. నేను ఇలా పుస్తకాల కలెక్టర్ని అయ్యాను, కావాలని కాదు. దొరకలేదని బాధగా ఉండేది. దొరకనందుకు లోపల హాయిగా కూడా ఉండేది. అది దొరికిన రోజున తలుపు వెనక ఏముందో ఎవరో తెల్లవాడు వేసేసి ఉంటాడు కదా. అప్పుడు మా అమ్మ ఎక్కడికి పోవాలి, రంగమ్మ ఎవరింటికి పోవాలి.

ఒకసారి పెద్ద పుస్తకాల సంతకు మొదటి భాగాన్ని పట్టుకెళ్ళాను. అక్కడ ఒక పెద్దమనిషి కళ్ళకు భూతద్దం పెట్టుకుని చూసి, ఇది చాలా అరుదు అన్నాడు. తరువాత మొదటి పేజీ నాలుగు మూలలా ఉన్న పసుపు చూసి మొహం చిట్లించి, మరక అన్నాడు. అది మరక కాదు. ఏటా దసరాకు ధనమ్మ పుస్తకాలన్నీ పూజలో పెట్టి మూలలకు పసుపు రాసి కుంకుమ బొట్టు పెడుతుంది. అరుదైన పుస్తకానికి బొట్టు పెట్టకూడదని మాకెవరూ చెప్పలేదు. చెప్పినా ధనమ్మ వినేది కాదు, సరస్వతిని బొట్టు లేకుండా ఎలా వదిలేస్తాం అనేది. ఇక మీదట కూడా ఏటా ఆ పసుపు రాసే హక్కు ధనమ్మకు, తరువాత నళినికి రాసి ఇస్తున్నాను. మరక అన్న ఆ పెద్దమనిషికి ఏమీ రాయడం లేదు.

ఈ పుస్తకాన్ని నా తదనంతరం నళినికి పుట్టబోయే బిడ్డకు, ఆడైనా మగైనా, సర్వ హక్కులతో చెందేలా రాసి ఇస్తున్నాను. ఒకటే షరతు. ఇల్లినాయ్ రాష్ట్రం అరోరాలో మా వియ్యంకులు మద్ది రాజారావు గారి అద్దాల బీరువాలో దీన్ని పెట్టకూడదు. చూపించడానికి కూడా పెట్టకూడదు, ఫోటో తీయడానికి కూడా పెట్టకూడదు.

నాలుగు. ఆ షరతు ఎందుకో బిడ్డ పెద్దయ్యాక అడిగితే చెప్పేవాళ్ళు ఉండాలి గనుక రాస్తున్నాను.

రాజారావు గారు కంపెనీలో పెద్ద ఉద్యోగం చేసి రిటైరైన మనిషి. ఆయన ఇంగ్లీషు ఆయన చొక్కాల్లాగే, ముడత ఉండదు. పెళ్ళి మాటలకు మా ఇంటికి వచ్చేవరకు పిల్లల బొమ్మల పుస్తకాలు పోగుచేసేవాళ్ళు ఉంటారని కూడా ఆయనకు తెలియదు. ఆ రోజు నా అలమరా ముందు చాలాసేపు నిలబడ్డారు. మొదటి భాగం చేతిలోకి తీసుకునే ముందు జేబురుమాలుతో చేతులు తుడుచుకున్నారు. మంచి మనిషి అనుకున్నాను. నా కాఫీ తాగారు, నా పుస్తకం చూశారు, రెండో భాగం దొరకడం ఎంత కష్టమో నా నోటితోనే చెప్పించుకున్నారు. పెళ్ళయిన ఏడాదికి ఫోను. “బావగారూ, ఓ చిన్న విషయం. ఆన్‌లైన్‌లో వేలం వేస్తుంటే చూశాను. మీ బాతు రెండో భాగం దొరికింది.”

ఫోను పెట్టేసి వంటింట్లోకి వెళ్ళాను. ధనమ్మ నా మొహం చూసి కంగారుపడి, “ఎవరికైనా బాగాలేదా” అని అడిగింది. “బాగున్నారు, అదే బాధ” అన్నాను.

అక్కడినుంచి ఆయన కూడా కలెక్టరే. నాకు అలమరా అయితే ఆయనకు అద్దాల బీరువా, లోపల చిన్న దీపాలు, గాలిలో తేమ చూసే యంత్రం. తెల్ల గ్లవుజులు తొడుక్కుని గానీ పుస్తకం ముట్టుకోరు, గుండె ఆపరేషన్‌కు వెళ్తున్నట్టు. నాకు లేని పుస్తకం దొరికితే ఫోటో పంపుతారు. నాకు ఉన్న పుస్తకం దొరికితే ఇంకా తొందరగా పంపుతారు, ఆయనదానికి అట్ట మీద తొడిగే కాగితపు జాకెట్ కూడా ఉందని చూపించడానికి. ఒకసారి నలుగురిలో, “మా బావగారు బొమ్మల పుస్తకాలు చదువుతారో చూస్తారో నాకిప్పటికీ తెలియదు” అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, పళ్ళ వరకు.

మేం అరోరా వెళ్ళినప్పుడల్లా గ్లవుజులు వేసుకుని రెండో భాగాన్ని బల్ల మీద పెట్టి, “చూస్తారా బావగారూ” అనేవారు. నేను వెంటనే కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకునేవాణ్ణి. కళ్ళజోడు లేకపోతే నాకు పుస్తకమూ ఒకటే, పూరీల పళ్ళెమూ ఒకటే. ఆయన ఆ ముగింపు చదివేసి ఉంటారు, నవ్వుకుంటూ ఉంటారు, ఆ నవ్వు చూడటం కూడా నాకు ఇష్టం లేదు. ఒకసారి ఆయనే, “ఒక్క నెల మీ మొదటి భాగం ఇవ్వండి, చదివి భద్రంగా పంపిస్తాను” అని అడిగారు. బైండింగు వదులైంది, ప్రయాణం తట్టుకోదు అన్నాను. ఏడాది ఆగి మళ్ళీ అడిగారు. అదే జవాబు చెప్పాను. మింగేద్దామని చూస్తున్నారని నాకు తెలుసు. రెండూ ఉన్నవాడికి సెట్టు ఉన్నట్టు, ఒకటే ఉన్నవాడికి ఒక పుస్తకం ఉన్నట్టు.

నళిని కడుపులో బిడ్డ స్కాన్ బొమ్మ విషయంలో కూడా అంతే. ఆయనకు ఉదయం తొమ్మిదికి వచ్చిందట, నాకు పదికి వచ్చింది. కన్నతండ్రికి ఆఖర్నా చెప్పేది? మా పై వాటాలో ఉంటూ పిస్కాటవేలో ఎమ్మెస్ చదువుతున్న భవిత నాకు నచ్చజెప్పింది. “అంకుల్, ఆడ తొమ్మిదంటే ఈడ పదే. ఇల్లినాయ్ మనకన్న గంట ఎన్కకుంటది. ఇద్దరికీ ఒకటేసారి పంపింది అక్క.” నాకు అర్థమైంది. ఒప్పుకోలేదు.

అయిదు. గత నెల సీమంతం సంగతి. ఇది వీలునామాలో ఉండవలసినదే, ఎందుకంటే ఇది జరగకపోతే నేను వీలునామా రాసేవాణ్ణి కాదు.

పురుడు పుట్టింట్లో పోయాలి. కానీ నళిని కాపురం అరోరాలో, డాక్టరు అక్కడ, ఇన్సూరెన్సు అక్కడ, ఈ వయసులో విమానం వద్దన్నారు. అందువల్ల పుట్టిల్లే విమానం ఎక్కి అరోరా వెళ్ళింది. సారె పెట్టెల్లో ధనమ్మ చేసిన చలిమిడి, సున్నుండలు, అరిసెలు, పట్టుచీర, రెండు చేతులకూ గాజులు. మొదటి భాగాన్ని కూడా నా కొత్త పంచెలో చుట్టి చేతి సంచిలో పెట్టాను. బయలుదేరే ముందు తీసి మళ్ళీ అలమరాలో పెట్టేశాను. రెండో భాగం ఉన్న ఊరికి మొదటి భాగం వెళ్ళిందంటే ఆయన సెట్టు పూర్తయినట్టే. నా చేతులతో నేను ఎందుకు పూర్తి చేయాలి?

నళిని పీట మీద కూర్చుంది. ఆ మొహం ఎలా ఉందో రాయడానికి నా దగ్గర ఎనిమిదో తరగతి తెలుగు చాలదు. ముత్తయిదువలు గాజులు తొడిగారు, ధనమ్మ చలిమిడి ఒళ్ళో పెట్టింది. అంతా అయిపోయిందనుకుంటే రాజారావు గారు లేచారు. గ్లవుజులు లేవు. వట్టి చేతులతో రెండో భాగం తెచ్చి నా కూతురి ఒళ్ళో, చలిమిడి పక్కన పెట్టారు. “మగపిల్లవాడి తరపువాళ్ళం పెట్టకూడదని రూలేం లేదు కదా” అని, నా వైపు తిరిగి, “స్వీట్లు సరే, మీ పుస్తకం ఏది బావగారూ?” అన్నారు.

అందరి ఫోన్లూ నా మొహం మీదికి తిరిగాయి. నా పుస్తకం ఐసెలిన్‌లో అలమరాలో భద్రంగా ఉంది. ఆడపిల్ల తండ్రిని, పెట్టవలసినవాణ్ణి, నేను సున్నుండలతో నిలబడ్డాను. ఆయన ఇచ్చేశారు. ఆ పుస్తకం ఉన్నందుకు ఇన్నేళ్ళు అసూయపడ్డాను, అది ఇచ్చేసినందుకు పడిన అసూయ ముందు అదెంత. నా చెయ్యి దానంతటదే కళ్ళజోడు తీసింది.

అప్పుడు నళిని ఆ పుస్తకం తెరవలేదు. రెండు చేతులూ దాని అట్ట మీద పెట్టి, “మావయ్యగారూ, థాంక్యూ. బట్ ముందు నాన్న చెప్పాలి. తర్వాత బుక్‌లో కరెక్ట్‌గా వేశారో లేదో చెక్ చేస్తా” అంది.

ఆ మాట నేను ఎవరికీ రాసి ఇవ్వడం లేదు. నాతోనే తీసుకుపోతాను.

ఆరు. తలుపు వెనక కథలు. ఇవి కాగితం మీద లేవు, అలమరాలో లేవు, అయినా నా స్వార్జితం. వీటిని నళినికి ఇస్తున్నాను. బిడ్డ వినే వయసుకు వచ్చేసరికి నేను ఉంటే నేనే చెబుతాను. లేకపోతే నళిని చెప్పాలి, పుట్టింటి కథ తప్పకుండా చెప్పాలి. రెండో భాగం తెరవడం ఆ తరువాతే. ముందు అచ్చులో ఉన్నది చూసేస్తే బిడ్డకు మా అమ్మ గారెల వాసన ఎక్కడి నుంచి వస్తుంది. నేను ఈ వీలునామా రాస్తున్నది నిజానికి ఈ ఒక్క అంశం కోసం. మిగతావన్నీ ఎవరు తీసుకున్నా నాకు ఫరవాలేదు.

ఏడు. మిగతావి. తెరిస్తే కోట లేచి నిలబడే పుస్తకం శ్యామ్‌సుందర్‌కు. పెళ్ళైన కొత్తలో కోట వంతెన లాగి ఊడగొట్టి, నాకు తెలియకుండా తనే జిగురు పెట్టి అతికించాడు. నాకు తెలుసు. బాగానే అతికించాడు. నల్లకాగితం కత్తిరించి చేసిన నీడబొమ్మల పుస్తకం, మద్రాసులో అచ్చయిన లక్కబొమ్మల కథల పుస్తకం, గుడ్డ మీద అచ్చేసిన పసిపిల్లల పుస్తకం, ఇవన్నీ బిడ్డకే. గుడ్డ పుస్తకం ఉతకవచ్చు. అరుదైనదని దాచవద్దు, నోట్లో పెట్టుకోనివ్వండి.

రాజారావు గారికి: నా దగ్గర రెండు ప్రతులున్న నక్క కథల పుస్తకంలో, ఒక బొమ్మ లేని ప్రతి. ఏ బొమ్మ లేదో ఆయనే వెతుక్కోవచ్చు.

ఎనిమిది. ఈ పత్రానికి సాక్షులుగా ఉంటున్న భవితకు, నా చీరల దుకాణం స్నేహితుడు హనుమయ్యకు ఏమీ ఇవ్వడం లేదు. సాక్షులకు ఇస్తే చిక్కు వస్తుందని లాయరు గారు చెప్పారు. భవిత మా అమ్మలా కాఫీ కలుపుతుంది, నా ఇత్తడి ఫిల్టరు ఆమెకే చెందాలని నాకు ఉంది. ఏం చేయాలని హనుమయ్యను అడిగితే, “ఒరే ఆంజనేయులూ, పోయాక ఇస్తే చిక్కు గానీ బతికుండగా ఇస్తే ఎవడడుగుతాడు” అన్నాడు. అందుచేత ఫిల్టరు నిన్ననే ఇచ్చేశాను. అది నా ఆస్తిలో లేదు.

ఇంతవరకు రాసి సంతకం పెట్టడానికి సాక్షుల కోసం కబురు పంపాను. ఈలోగా నళిని ఫోన్ చేసింది. అందువల్ల ఈ కిందిది చేర్చవలసి వచ్చింది.

తొమ్మిది. నళిని నవ్వుతూ చెప్పిన మాటలు ఉన్నవి ఉన్నట్టు రాస్తున్నాను. “నాన్నా, ఫన్నీ థింగ్ చెప్పనా? మావయ్యగారి బుక్ ఓపెన్ చేయలేదులే, సైడ్ నుంచి చూశా, పేజెస్ అన్నీ అంటుకుని ఉన్నాయి. ఫోల్డ్స్ ఎవరూ కట్ చేయలేదు. అచ్చయినప్పటి నుంచీ ఎవరూ ఓపెనే చేయలేదంట.”

పాత పుస్తకాల సంగతి తెలియనివాళ్ళ కోసం రాస్తున్నాను. ఆ రోజుల్లో కాగితాలను మడిచి కుట్టేవారు. మడతల అంచులు కొన్నవాడు కత్తితో కోసుకుని చదువుకోవాలి. కోయకపోతే లోపలి పేజీలు, ఆ పేజీల మధ్య బొమ్మలు ఎవరికీ కనిపించవు.

మరి మావయ్యగారు ఎందుకు కోయలేదమ్మా అని అడిగాను. తను కూడా అదే అడిగిందట. రాజారావు గారు, “మొదటి భాగం చదవకుండా రెండోది కోసుకుని ఏం చేస్తానమ్మా. మీ నాన్నగారు ఎప్పటికైనా ఇస్తారేమోనని చూశాను. నేను ఆ పుస్తకం బయటికి తీసినప్పుడల్లా ఆయన కళ్ళజోడు తీసేసేవారు. నా పుస్తకం అంటే చులకన అనుకున్నాను” అన్నారట.

ఫోను పెట్టేసి ఈ కాగితాన్ని మళ్ళీ ముందుకు లాక్కున్నాను. ఆయన చదివేశారనుకున్న ముగింపు ఆయన చూడనే లేదు. ఆయనేమిటి, ఈ భూమి మీద ఆ ప్రతిలో ఎవరూ చూడలేదు. ఇన్నేళ్ళూ నేను అసూయపడింది మూసి ఉన్న కాగితాల మీద. దీనికి పూర్తి బాధ్యత రాజారావు గారిదే. ముందే ఒక్క మాట చెప్పి ఉంటే ఇంత అసూయ ఖర్చయ్యేది కాదు. ఇది చెప్పిన తరువాత ఆయన మీద నాకు కొత్తగా ఇంకొక అసూయ పుట్టింది. అంత ఓపిక నాకు లేదు. నా దగ్గర ఉండి ఉంటే కొన్న రోజునే కోసేసేవాణ్ణి, కళ్ళు మూసుకుని అయినా.

కనుక మూడవ అంశంలో పుస్తకాన్ని నా తదనంతరం బిడ్డకు ఇచ్చే మాటను, అద్దాల బీరువా షరతును ఇందుమూలంగా రద్దు చేస్తున్నాను. ఆ పుస్తకం నా తదనంతరం ఎవరికీ చెందదు, ఎందుకంటే అప్పటికి అది నా దగ్గర ఉండదు. ఫిల్టరు లాగే. పురిటికి మేం వెళ్ళే టికెట్లను భవిత ముందుకు జరిపింది. ఈసారి పుస్తకం సంచిలో కూడా పెట్టను, నా ఒళ్ళో పెట్టుకుని వెళ్తాను. నా చేతులతో నేనే నళిని ఒళ్ళో పెడతాను. ఆయన పెట్టింది రెండోది, నేను పెట్టబోయేది మొదటిది. అలమరాలో ఎటు నుంచి చూసినా మొదటిదే ముందు ఉంటుంది. ఈ విషయంలో నేను తగ్గను.

ఆరవ అంశం అలాగే ఉంటుంది. కొంచెం చేరుస్తున్నాను. బిడ్డకు మొదటి భాగం నేను చెప్పేటప్పుడు రాజారావు గారు పక్కన కూర్చుని వినాలి. ఆయన దాని కోసం చాలాకాలం ఆగారు. మధ్యలో అది అలా కాదు అనకూడదు. తలుపు దగ్గరికి రాగానే పుట్టింటి కథ చెబుతాను. అయిపోయాక కత్తి ఆయన చేతికిస్తాను. మడతలు ఆయనే కోయాలి, గ్లవుజులు లేకుండా. నేను కళ్ళజోడు పెట్టుకుని చూస్తాను.

అప్పటికి నేను లేకపోతే చెప్పే హక్కు నళినిది. నళినికి తీరిక లేని రోజున రాజారావు గారిది. ఆ హక్కును ఆయనకు మనఃపూర్వకంగా రాసి ఇస్తున్నాను. నక్క కథల పుస్తకం వద్దులెండి, దానికి బదులు ఇది. ఇంగ్లీషులో చెప్పినా ఫరవాలేదు. తలుపు వెనక ఏముందో ఆయనకు తోచింది చెప్పుకోవచ్చు, ఆయన వాళ్ళమ్మను కూడా లోపల కూర్చోబెట్టుకోవచ్చు.

బాతు పేరు మాత్రం రంగమ్మే.

పైన రాసినదంతా చదువుకుని, ధనమ్మకు వినిపించి, ఆమె కళ్ళు తుడుచుకుని “సున్నుండలు మళ్ళీ చేయనా” అన్న తరువాత, ఐసెలిన్‌లో మా ఇంటి భోజనాల బల్ల దగ్గర, రెండువేల ఇరవై అయిదు మార్చి తొమ్మిదవ తేదీ ఆదివారం నాడు సంతకం చేశాను.

(సంతకం) చుండూరు వీరాంజనేయులు

స్వయంగా రాసి, మా ఎదుట సంతకం చేశారు. సంతకం చేసేటప్పుడు బుద్ధి స్థిమితంగానే ఉంది, కాలు మాత్రం ఒకచోట నిలవలేదు.

సాక్షులు:
పోలిశెట్టి హనుమయ్య, ఐసెలిన్
ఎర్రం భవిత, ఐసెలిన్